ఫోర్డ్ కారులో షెవీ ఇంజనా? హాట్ రాడ్ వాళ్ల పట్టింపులు

హాట్ రాడ్ పిచ్చి ఉన్న అమెరికన్ పెద్దాయన ఎవరైనా మీకు తగిలితే ఊరికే ఒక ప్రశ్న వేసి చూడండి, "ఫోర్డ్ బాడీలో షెవర్లే (ముద్దుగా షెవీ) ఇంజన్ పెట్టుకోవచ్చా సార్?" అని. ఇక ఆ సాయంత్రం మీది కాదు. ఆయన మొదలుపెడతాడు, పక్కన నించున్నాయన అందుకుంటాడు, మూడో ఆయన "అసలు మీ ఇద్దరికీ బుర్ర లేదు" అంటూ వస్తాడు, ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే, ముగ్గురి చేతిలోనూ మడత కుర్చీలు.

నేను ఉండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. ఇక్కడ మనవాళ్లు బాగానే ఉన్నారు గానీ ఏటా జూలైలో ఊళ్లోనే జరిగే గుడ్‌గైస్ కారు షోకి వచ్చేవాళ్లు చాలా తక్కువ, టెస్లా గురించయితే గంటలు మాట్లాడతారు, ఇటు మాత్రం చూడరు. నాకు మా వీధి చివర ఉండే పెద్దాయన పుణ్యమా అని ఈ పిచ్చి అంటుకుంది. ఆయన గ్యారేజీలో ఉన్న బండి సంగతి కాసేపాగి చెప్తా. ముందు ఈ ఫోర్డ్, షెవీ గొడవ ఎక్కడ పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే వీళ్లు దీన్ని ఎంత భక్తిగా చెప్పుకున్నా నాకు అర్థమైనంతవరకు మొదట్లో ఇదంతా చవక బేరం, భక్తి తర్వాత పట్టుకుంది.

తెలీనివాళ్ల కోసం ఒక ముక్క. పాత కారుని కంపెనీ నుంచి అప్పుడే దిగినట్టు తళతళలాడించి పెట్టుకుంటే అది రిస్టోరేషన్, ఆ జనం వేరు, వాళ్లకి స్క్రూ కూడా ఒరిజినల్దే కావాలి. హాట్ రాడ్ వాళ్లు దానికి పూర్తి రివర్సు. పాత బాడీ పట్టుకొచ్చి, మడ్‌గార్డులు పీకేసి, టాపు నిలబెట్టే స్తంభాల్ని రెండు మూడు అంగుళాలు కోసి కిందకి దించి మళ్లీ అతికించి, ఎక్కడిదో ఇంకో పెద్ద ఇంజన్ తెచ్చి పెట్టి, ముందు సన్న టైర్లు వెనక లావు టైర్లు వేసి, వాళ్లకి నచ్చినట్టు చేసుకుంటారు. మామూలుగా 1948 వరకు వచ్చిన కార్లయితే రాడ్డు అంటారు, 1949 నుంచి వచ్చిన బొద్దు కార్లని నేలకి ఆనేలా దించి నున్నగా చేస్తే కస్టమ్ అంటారు.

ఇది మొదలైంది కాలిఫోర్నియాలో, 1930ల్లో. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని ఎండిపోయిన సరస్సులున్నాయి, మైళ్ల కొద్దీ బల్లపరుపు నేల, కుర్రాళ్లు వారం వారం అక్కడికి పోయి ఎవడి బండి ఎంత స్పీడు పోతుందో చూసుకునేవాళ్లు. 1937లో క్లబ్బులన్నీ కలిసి ఎస్‌సీటీఏ అని ఒక సంఘం కూడా పెట్టుకున్నాయి. గ్రేట్ డిప్రెషన్, అంటే ఆర్థికమాంద్యం రోజులు, ఎవడి దగ్గరా డబ్బుల్లేవు. మరి చేతికి దొరికే కారేది? ఫోర్డే. మోడల్ టీ కోటిన్నర కార్లు తయారయ్యాయి, ఆ తర్వాత 1928 నుంచి 31 దాకా వచ్చిన మోడల్ ఏ ఇంకో అరకోటి దాకా ఉంటాయి, ఏ స్క్రాప్ యార్డుకి పోయినా గుట్టలే. దానికి తోడు 1932లో హెన్రీ ఫోర్డ్ ఒక పని చేశాడు, అప్పటిదాకా డబ్బున్నోళ్ల కార్లలోనే ఉండే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ని ఒకే పోతలో పోయించి మామూలోడి కారులో పెట్టేశాడు. 221 క్యూబిక్ ఇంచులు, 65 హార్స్‌పవర్. రోడ్‌స్టర్, అంటే గట్టి టాపు లేని చిన్న కారు, అయితే 500 డాలర్ల లోపే. ఇప్పుడు 65 అంటే మన చిన్న హ్యాచ్‌బ్యాక్ అంత కూడా ఉండదు, కానీ ఆ రోజుల్లో అంత తేలిక బండికి అది రాకెట్టు.

షెవర్లేలు కూడా లక్షల్లో అమ్ముడయ్యాయి కదా, వాటినెందుకు పట్టించుకోలేదు అని నేనూ అడిగా. రెండు కారణాలు చెప్పారు. ఒకటి, షెవీలో వీ8 లేదు, సిక్స్ సిలిండర్ ఉండేది, ఇంజన్ డిజైన్‌గా చూస్తే ఓవర్‌హెడ్ వాల్వులతో (వాల్వులు సిలిండర్ల నెత్తిన ఉంటాయి) ఫోర్డ్ కంటే ముందున్నదే, కానీ స్పీడు పిచ్చోళ్లకి ఆనలేదు. రెండోది నాకు బాగా నచ్చిన కారణం, కర్ర. 1930ల మధ్య దాకా షెవర్లేని తయారుచేసే జనరల్ మోటార్స్ (జీఎం) బాడీలు లోపల చెక్క ఫ్రేము మీద రేకు కొట్టి చేసినవి. పదేళ్లు వానలో పడుంటే కర్ర పుచ్చిపోతుంది, తలుపు తీస్తే తలుపు చేతికొస్తుంది. ఫోర్డ్ బాడీ చాలావరకు ఉక్కు రేకే, తుప్పు పట్టినా వెల్డింగ్ పెట్టి నిలబెట్టొచ్చు, కోసి అతికించొచ్చు. అంటే ఇవాళ గుండె మీద ఫోర్డ్ టాటూ వేయించుకుని తిరిగే మనిషి భక్తికి మూలం వెతుక్కుంటూ పోతే చివరికి పుచ్చిన కర్ర దగ్గర తేలతాం.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చిన సోల్జర్లు మిలిటరీలో నేర్చుకున్న వెల్డింగ్, మెషిన్ పని అంతా దీని మీద పెట్టేశారు. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ హాట్ రాడ్ మ్యాగజైన్ పెట్టాడు, 1949లో బొన్నెవిల్ ఉప్పు మైదానంలో రేసులు మొదలయ్యాయి, 1951లో ఆ మ్యాగజైన్ ఎడిటర్ వాలీ పార్క్సే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే రేసుల సంఘం పెట్టాడు. విక్ ఎడెల్‌బ్రాక్ లాంటోళ్లు ఫ్లాట్‌హెడ్ (1932లో వచ్చిన ఆ ఫోర్డ్ వీ8నే ఇలా అంటారు) ఇంజన్‌కి అల్యూమినియం హెడ్లు, మానిఫోల్డులు చేసి అమ్మి కంపెనీలు కట్టుకున్నారు. అన్నీ ఫోర్డ్ కోసమే. ఫోర్డ్‌కి సామాన్లు దొరుకుతాయి కాబట్టి అందరూ ఫోర్డే కొంటారు, అందరూ ఫోర్డే కొంటారు కాబట్టి సామాన్లు ఫోర్డ్‌కే చేస్తారు. ఇంక వేరేది ఎక్కడ దూరుతుంది?

ఇక్కడ కథలోకి ఒకాయన వస్తాడు, నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇష్టమైన క్యారెక్టర్, జోరా ఆర్కస్-డంటోవ్ అనే ఇంజనీరు. ఈయన, ఈయన తమ్ముడు కలిసి ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్‌కి ఆర్డన్ అని ఓవర్‌హెడ్ వాల్వ్ హెడ్లు చేశారు, ఇవాళ ఒరిజినల్ ఆర్డన్ హెడ్లు ఉన్న బండి చుట్టూ జనం గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు తిరుగుతారు. అలాంటి మనిషి 1953లో పోయి జనరల్ మోటార్స్‌లో చేరాడు. చేరిన ఏడాది డిసెంబర్లోనే పైవాళ్లకి ఒక మెమో రాశాడు, కుర్రకారు, హాట్ రాడ్లు, షెవర్లే అనే టాపిక్ మీద. అందులో సారాంశం ఏంటంటే, ఈ స్పీడు మ్యాగజైన్లు తెరిస్తే అట్ట నుంచి అట్ట దాకా ఫోర్డులే, ఈ కుర్రాళ్లకి ఫోర్డ్ పార్టుల గురించి ఫోర్డ్ కంపెనీ వాళ్ల కంటే ఎక్కువ తెలుసు, వీళ్లే రేపు ఇంటికి కారు కొనాల్సొచ్చినా ఫోర్డే కొంటారు, కాబట్టి మన ఇంజన్‌కి స్పీడు పార్టులు మనమే తయారుచేసి వాళ్ల చేతికి అందేలా చెయ్యాలి అని. బ్రాండ్ లాయల్టీ గురించి ఇవాళ ఎంబీఏలో చెప్పేదంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది, పైగా రాసినాయన ఒకప్పుడు అవతలి పార్టీ ఇంజన్‌కి హెడ్లు చేసినోడు.

1955లో షెవర్లే ఇంజనీరు ఎడ్ కోల్ టీము చేసిన స్మాల్ బ్లాక్ (చిన్న సైజు వీ8) షెవీ వచ్చింది, 265 క్యూబిక్ ఇంచులు, మామూలు వర్షన్‌కే 162 హార్స్‌పవర్. ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ ఇరవై ఏళ్లు సాగి సాగి 1953లో ఆగిపోయేనాటికి 110 దగ్గరుంది. ఇంక చెప్పేదేముంది, కుర్రాళ్లు ఫోర్డ్ బాడీ అలాగే ఉంచుకుని లోపల ఇంజన్ దించేసి షెవీది ఎక్కించడం మొదలుపెట్టారు.

ఫోర్డ్ వాళ్లు మాత్రం చేతులు ముడుచుకు కూర్చున్నారా అంటే లేదు, 1960ల్లో వాళ్లకీ మంచి స్మాల్ బ్లాక్ వచ్చింది, 289, 302 క్యూబిక్ ఇంచులవి. కానీ దాని ఆయిల్ పాన్ గుంట ముందువైపు ఉంటుంది, అది పోయి పాత ఫోర్డ్ ఛాసీస్ ముందు అడ్డబద్దకి తగులుతుంది, వాటర్ పంపు కూడా పొడుగు, రేడియేటర్‌ని గుద్దుకుంటుంది. షెవీకి గుంట వెనకుంది, పంపు పొట్టి, దించితే కూర్చుంటుంది. అంటే ఫోర్డ్ కారులో ఫోర్డ్ ఇంజన్ కంటే షెవీ ఇంజనే ఈజీగా పడుతుంది! ఇది విన్నప్పుడు నేను చాలాసేపు నవ్వాను. మా పెద్దాయన నవ్వలేదు.

ఇక సామాను చవక, రిపేరు చేసేవాడు ప్రతి ఊళ్లో ఉంటాడు. 2011లో జీఎం వాళ్లు పది కోట్లవ స్మాల్ బ్లాక్ తయారైందని పండగ చేసుకున్నారు, కొత్త తరాలన్నీ కలిపి లెక్క. ఇంత ఎక్కువైపోయాక హాట్ రాడ్ జనంలోనే దాన్ని బొడ్డు ఇంజన్ అని వెక్కిరిస్తారు, బొడ్డులాగే అందరికీ ఉంటుందని. షోలో బానెట్ తీసి ఉన్న ముద్దొచ్చే 1932 ఫోర్డ్ దగ్గరికి పోయి లోపల షెవీ 350 ఇంజన్ కనపడగానే కొందరు మాట్లాడకుండా ముందుకెళ్లిపోతారు, చూశా. ఇంకోవైపు ఫోర్డ్‌లో ఫోర్డే అని బండి మీద, టీషర్టు మీద గర్వంగా రాసుకునేవాళ్లున్నారు. షెవీ వాళ్లేమో ఫోర్డ్ అంటే ఫౌండ్ ఆన్ రోడ్ డెడ్ అంటారు. డాడ్జ్, క్రైస్లర్ అభిమానులు మోపార్ (క్రైస్లర్ వాళ్ల పార్టుల బ్రాండు) ఆర్ నో కార్ అంటూ విడిగా ఒక చెట్టు కింద కూర్చుంటారు, రాడ్లలో వాళ్ల బాడీలు తక్కువే గానీ 1951లో వచ్చిన క్రైస్లర్ హెమీ ఇంజన్ అంటే మాత్రం మూడు పార్టీల వాళ్లూ టోపీ తీస్తారు.

సరే, మా పెద్దాయన బండి. 1929 మోడల్ ఏ రోడ్‌స్టర్ బాడీ, కింద 1932 ఫోర్డ్ ఛాసీస్, ముందు 32 గ్రిల్. ఈ 32 పిచ్చి గురించి కొంచెం చెప్పాలి, ఆ గ్రిల్లు ఆ ఒక్క ఏడాదే వచ్చింది, 33కి మార్చేశారు, ఛాసీస్ పక్క రేకు మీద పొడుగునా ఒక ఒంపు లాంటి గీత ఉంటుంది, మడ్‌గార్డులు తీసేస్తే అది బయటికి కనపడుతుంది, అందుకే దాని మీద ఏ బాడీ పెట్టినా అందంగా ఉంటుంది. మడ్‌గార్డుల్లేకుండా ఛాసీస్ పైన బాడీ కూర్చోబెడితే హైబాయ్ అంటారు, కాలిఫోర్నియా వాళ్లకి అదే ఇష్టం. తూర్పు తీరం వాళ్లయితే బాడీ ఫ్లోరు కోసి ఛాసీస్ చుట్టూ కిందకి జారుస్తారు, చూడ్డానికి నేల మీద పాకుతున్నట్టుంటుంది. ఆయన కాలిఫోర్నియా పార్టీ, ఒహాయోలో ఉండి.

ఇంజన్ ఫ్లాట్‌హెడ్, దాని నెత్తిన మూడు స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లు. మూడూ ఒకే లెక్కన గాలి పీల్చాలి, లేకపోతే ఇంజన్ దగ్గుతుంది. దానికి ఆయన వాడే మీటరు ఏంటంటే ఒక మూరెడు రబ్బరు ట్యూబు. ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ మూతి దగ్గర, బుస్సుమనే శబ్దం విని స్క్రూ పావు తిప్పు తిప్పి, పక్కదానికి పోయి, మళ్లీ మొదటిదానికొచ్చి, మూడింటి బుసా ఒకే శ్రుతిలోకొచ్చేదాకా అదే పని. ఒకసారి నా చెవికి కూడా పెట్టాడు, "మధ్యది కొంచెం కీచుగా ఉంది కదబ్బాయ్" అన్నాడు, నాకైతే మూడూ ప్రెషర్ కుక్కర్లే. బండి స్టార్టయ్యాక మాత్రం ఆ సౌండు వేరే ఏ ఇంజన్‌కీ రాదు, ఒక్కో వైపు నాలుగు సిలిండర్లుంటే పొగ బయటికొచ్చే దారులు మూడే, మధ్య రెండిటికీ కలిపి ఒకటే దారి, అందుకే ఆ గొణుగుడు. ఆ పొగ దారులే ఇంజన్ బ్లాకు లోపల నీళ్ల మధ్యలోంచి పోతాయి, దాంతో నీళ్లు వేడెక్కిపోతాయి, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆయన కళ్లు రోడ్డు మీద ఉండవు, టెంపరేచర్ ముల్లు మీదుంటాయి. పాత బ్లాకు కొనాలన్నా వాల్వుకీ బోరుకీ మధ్య పగులుందో లేదో టెస్టు చేయించుకుని కొనాలి. ఇంత బాధపడి 100 హార్స్‌పవర్ ఎందుకు సార్, షెవీ అయితే సుఖం కదా అంటే, సుఖం కావాలంటే టయోటా కొనుక్కునేవాణ్ని అంటాడు.

ఆయన పార్టీని ట్రెడిషనల్ అంటారు. వీళ్లకో రాయని రాజ్యాంగం ఉంది. 1950ల్లోనో 60ల మొదట్లోనో ఒక కుర్రాడు ఏ సామాను తెచ్చుకోగలడో అదే వాడాలి. బ్రేకులు 1940 ఫోర్డ్ డ్రమ్ములు, ఇంకొంచెం స్తోమత ఉంటే లింకన్‌వి, వెనక లైట్లు 39 ఫోర్డ్‌వి కన్నీటి బొట్టు ఆకారంలో ఉంటాయి, లేదా 50 పాంటియాక్‌వి, గేర్‌బాక్సు 39ది, టైర్లు రేడియల్ కాకుండా పాత బయాస్ ప్లై టైర్లే, అవేమో రోడ్డు మీద గాడి పడ్డచోటల్లా బండిని అటు లాక్కుపోతాయి. డిస్క్ బ్రేకు కనపడితే మొహం తిప్పుకుంటారు.

దీనికి ఎదురు పార్టీ 1980ల్లో బాయిడ్ కాడింగ్‌టన్ లాంటోళ్లు తెచ్చిన స్టైలు, అల్యూమినియం దిమ్మని మెషిన్‌లో తొలిచి చేసిన చక్రాలు, ఏసీ, పవర్ స్టీరింగ్, హ్యాండిల్ కూడా కనపడని నున్నటి బాడీ. చాలా బాగుంటాయి, కాదనను, కానీ నాకు అవి సబ్బు బిళ్లల్లా కనపడతాయి. వాటి మీద విసుగొచ్చినవాళ్లు రాట్ రాడ్లు మొదలుపెట్టారు, తుప్పు తుప్పులాగే వదిలేసి, దొరికిందల్లా వెల్డింగ్ పెట్టేసి. అందులో కొందరిది నిజంగా చేతిపని, కొందరిది మాత్రం తుప్పు రంగు పెయింటు కొని మరీ వేయించుకున్న బాపతు. ట్రెడిషనల్ వాళ్లకి ఈ రెండు పార్టీలూ పడవు, రాట్ రాడ్ వెల్డింగులు చూసి మా పెద్దాయన నిజంగానే పది అడుగులు దూరం జరుగుతాడు.

కస్టమ్ వాళ్లది వేరే లోకం, వాళ్ల దేవుడు 1949 నుంచి 51 దాకా వచ్చిన మెర్క్యురీ. టాపు కోసి, అతుకుల్లో సీసం కరిగించి పోసి ఆకురాయితో సాపు చేసేవాళ్లు, మన బెజవాడ ఆటోనగర్‌లో డెంటింగ్ మేస్త్రి పుట్టీ పెట్టి సాపు చేసినట్టన్నమాట, కాకపోతే ఇక్కడ ఒక్కో కారు మోసేది కిలోల కొద్దీ సీసం. వీటిలో అన్నిటికన్నా పేరున్నది హిరోహాటా మెర్క్, 1951 మెర్క్యురీని బారిస్ అన్నదమ్ముల షాపులో చేశారు, 2022 జనవరిలో వేలంలో దాదాపు 20 లక్షల డాలర్లకి పోయింది. ఇందులో తమాషా ఏంటంటే మెర్క్యురీ ఫోర్డ్ వాళ్ల బ్రాండు, కానీ 1953లోనే దాని ఓనరు లోపల జీఎం వాళ్ల కాడిలాక్ ఇంజన్ పెట్టించేశాడు. ఎవ్వరూ కిక్కురుమనరు. అదే షెవీ పెట్టుంటే?

అసలు రేకు, నకిలీ రేకు అని ఇంకో పట్టింపుంది. డేటన్ పక్కన బ్రూక్‌విల్ అనే ఊళ్లో మోడల్ ఏ బాడీలు, 32 బాడీలు కొత్త ఉక్కు రేకుతో అచ్చు వేసి అమ్ముతారు, ఛాసీస్ కూడా కొత్తది దొరుకుతుంది, అంటే 1932 కారులో 1932 నాటి నట్టు ఒక్కటి కూడా లేకుండా కట్టేయొచ్చు. ఫైబర్‌గ్లాస్ బాడీ కంటే ఇది నయం అంటారు, హెన్రీ చేయించిన రేకు కంటే తక్కువ అంటారు. వంద అడుగుల దూరం నుంచి ఎవడూ తేడా చెప్పలేడు, కానీ దగ్గరికొచ్చి తలుపు లోపల వేలితో తట్టి చూసే మహానుభావులుంటారు. కాలిఫోర్నియా పొమోనాలో జరిగే గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షోలో అమెరికా మొత్తంలో అందమైన రోడ్‌స్టర్ అని తొమ్మిది అడుగుల కప్పు ఇస్తారు, 1937 గానీ అంతకు ముందు గానీ వచ్చిన మోడలై ఉండాలి, గెలిచినవాటిలో ఎక్కువ ఫోర్డులే.

మన దగ్గర ఈ సరదా కుదరదు, అది కూడా చెప్పేస్తా, వాట్సాప్‌లో తమ్ముళ్లు అడుగుతున్నారు కాబట్టి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి కూడా బండి 50 ఏళ్లు దాటి ఒరిజినల్ రూపంలోనే ఉండాలి. అంబాసిడర్ టాపు కోద్దామనుకున్నవాళ్లు ఆగండి.

ఇప్పుడు కుర్రాళ్లు కడుతున్న రాడ్లలో జీఎం వాళ్ల ఎల్ఎస్ ఇంజనే ఎక్కువ, 1997 షెవర్లే కార్వెట్‌తో వచ్చింది కదా అదీ దాని పిల్లలూ. గొప్ప ఇంజన్, కానీ చూడ్డానికి ప్లాస్టిక్ డబ్బా, వాల్వ్ కవర్ల మీద కాయిల్స్ వరసగా కూర్చుని ఉంటాయి. అందుకని వాటిని దాచేసి పాత స్మాల్ బ్లాక్ లాగా కనపడేట్టు చేసే కవర్లు అమ్ముతున్నారు! ఒకప్పుడు ఏ షెవీని చూసి మొహం తిప్పుకున్నారో ఇప్పుడు ఆ షెవీ వేషమే గౌరవం అయింది.

నన్నడిగితే బ్రూక్‌విల్ బాడీకి ఓటేస్తా, తుప్పుతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. ఇంజన్ మాత్రం ఎల్ఎస్ వద్దు, ఫ్లాట్‌హెడ్ వేడి నేను భరించలేను, మధ్యస్తంగా బ్యూక్ నెయిల్‌హెడ్, 1953 నుంచి వచ్చినవి, సన్నగా ఉంటుంది, ఇరుకు బానెట్ కింద చక్కగా ఇముడుతుంది, వాల్వ్ కవర్లు నిలువుగా నిలబడి ఎంత అందంగా ఉంటాయో. ఈ మాట మా పెద్దాయనతో అంటే వెంటనే మెచ్చుకున్నాడు, మంచి టేస్టు అన్నాడు.

"మరి బ్యూక్ కూడా జీఎందే కదండీ, షెవీ అన్నదమ్ములే కదా" అన్నాను.

"బ్యూక్ సంగతి వేరు" అన్నాడు. ఎలా వేరు అని అడిగితే రబ్బరు ట్యూబు చెవిలో పెట్టేసుకున్నాడు.